బొమ్మ తిన్న ముద్ద

ఇంతకు ముందు నేనేదీ రాయలేదు. నాకు రాత రాకపోవడమే కారణం. మా పుట్టిల్లు ఏటికొప్పాక. ఇంట్లో లక్క బొమ్మల పని. తమ్ముళ్ళు పలక పట్టుకుని బడికి వెళుతుంటే, తరిణె యంత్రం మీద తిరుగుతున్న బొమ్మకు మొగలి ఆకు ఆనించి మెరుపు తేవడం నా పని. ఆ పని బాగా చేస్తానని నన్ను బడికి పంపలేదు. పెళ్ళై నర్సీపట్నం వచ్చాక ఇల్లు, పిల్లాడు, ఆయన జబ్బు. మా వార్డులో ఆడవాళ్ళకు సాయంత్రం క్లాసు పెట్టేనాటికి నాకు మనవరాలు పుట్టింది. చదవడం ముందు వచ్చింది. రాయడం మాత్రం చాలా కాలం ఏడిపించింది. ఒక వాక్యం అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసేసరికి తర్వాత రాయాలనుకున్నది మరిచిపోయేదాన్ని. ఇప్పుడు మరిచిపోకుండా చివరిదాకా వెళ్ళగలుగుతున్నాను. అందుకని ఆ వారం సంగతి రాస్తున్నాను.

నా మనవరాలికి అప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. మాటలు రాలేదు. విశాఖపట్నంలో చూసిన డాక్టరుగారు ఆటిజం అన్నారు. మాకు రోజూ కనపడేది ఏమిటంటే, ఆ పిల్ల మనుషుల ముఖాల వైపు చూడదు. వస్తువుల వైపు చూస్తుంది. ఒకదాన్ని మొదటిసారి ఎలా చూసిందో అది ఎప్పటికీ అలాగే ఉండాలి. గ్లాసు ఉండే చోట గ్లాసు లేకపోతే ఆ పూట ఇంట్లో ఎవరికీ నెమ్మది ఉండదు. అన్నం తనంతట తాను ఎప్పుడూ తినలేదు. నేనో, కోడలో నోట్లో పెట్టాలి.

మా వీధి చివర చిన్న ప్రైవేటు బడి ఉంది. మిగతా బడుల వాళ్ళు గుమ్మంలోనే వద్దన్నారు గానీ, అక్కడి పెద్ద టీచరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు.

"మాటలు రాకపోతే రాకపోనీండమ్మా. కూర్సుంటాది, సూస్తాది, దానికి నాకేటి ఇబ్బంది లేదు. మధ్యాన్నం అన్నం ఎవరు తినిపిస్తారు? నాకున్నది ఒక్క ఆయమ్మ. ఇంతమంది పిల్లలు. వచ్చే సోమవారం కేరేజీ పట్టుకుని రండి. మీరు ముట్టుకోకండి. పిల్ల తన సేత్తో తిన్నాదంటే మర్నాటి నుంచి బెంచీ మీద కూర్సోబెడతాను. లేదంటే వచ్చే ఏడు సూద్దాం."

వచ్చే ఏడు అనే మాట మేము కిందటి ఏడూ విన్నాం. ఆ పిల్లకు ఇంకో ఏడాదంటే, ఇంకో ఏడాది నాలుగు గోడలు, నేను, వాళ్ళమ్మ.

కోడలు పెళ్ళికి ముందు పాలిటెక్నిక్‌లో కంప్యూటరు చదివింది. ఫోనులో వచ్చే బొమ్మల వీడియోలు పిల్ల చూస్తుంది, చూసినట్టే చేస్తుంది కూడా. మధ్యలో ప్రకటన వచ్చిందంటే ఫోను గోడకేసి కొడుతుంది. అందుకని కోడలు తనే ఒక ప్రోగ్రాం రాయడానికి కూర్చుంది. ఫోటోలు తీసి ఒక ఫోల్డరులో వేస్తే, వాటిని వరసగా, చకచకా చూపించి కదిలే బొమ్మగా చేసే ప్రోగ్రాం. అందులో మేము పెట్టింది తప్ప ఇంకేదీ రాదు. లాప్‌టాప్ పాతది. బ్యాటరీ పోయింది, వైరు గోడకు ఉంటేనే వెలుగుతుంది.

ఫోటో తీయడానికి బొమ్మను మా చిన్న తమ్ముడు చేసి బస్సులో పంపాడు. లక్క బొమ్మలకు మామూలుగా చేతులు కదలవు. దీనికి భుజం దగ్గర, మోచేతి దగ్గర చెక్క సీలలు పెట్టాడు. తిప్పితే తిరుగుతుంది, వదిలిన చోట ఆగుతుంది. పసుపు పచ్చ ఒళ్ళు, నల్లటి జుట్టు, నోటికి ఎర్రటి గీత. మనవరాలు దాన్ని చూడగానే చెంపకు ఆనించుకుంది, ఇక వదలలేదు. ఫోటో తీయడానికి పిల్ల నిద్రపోయేదాకా ఆగాల్సి వచ్చింది.

కిటికీ దగ్గర పీట వేసి బొమ్మను కూర్చోబెట్టాం. ముందు ఒక స్టీలు మూత, అదే పళ్ళెం. నేను మెతుకులు నలిపి చిన్న ముద్ద చేసి బొమ్మ చేతికి అంటించాను. చేతిని గోరంత పైకి జరపాలి, నా చెయ్యి పక్కకు తీయాలి, కోడలు ఫోను నొక్కాలి. మళ్ళీ గోరంత.

"అత్తమ్మా, మీ గాజుల నీడ పడతంది."

"నొక్కీసినావేటి?"

"నొక్కలేదు. సెయ్యి తియ్యండి ముందు. ఊపిరి కూడా బిగపట్టండి, బొమ్మ ఊగుతాది."

"నన్నూ బొమ్మని సేసీసేలా ఉన్నావు."

కోడలు ఆ ఫోటోలను లాప్‌టాప్‌లో వేసి నొక్కితే, బొమ్మ చెయ్యి పళ్ళెంలోంచి లేచి నోటిదాకా వెళ్ళింది. నా కళ్ళను నేను నమ్మలేదు. పుట్టినప్పటి నుంచి బొమ్మల మధ్య ఉన్నదాన్ని, బొమ్మ తనంతట తాను చెయ్యెత్తడం చూడలేదు. కానీ నోటి దగ్గరికి వెళ్ళిన చెయ్యి మరుక్షణం పళ్ళెంలో ఉండేది. మళ్ళీ మొదటి ఫోటో నుంచి మొదలవుతుంది కదా, ఆ గెంతు. మనకది పట్టదు. పిల్ల మాత్రం చెయ్యి గెంతినప్పుడల్లా అరచేత్తో నుదుటిమీద కొట్టుకుంది. బొమ్మ గెంతుతూనే ఉంది, ఇది కొట్టుకుంటూనే ఉంది. కోడలు గబుక్కున లాప్‌టాప్ మూత వేసేసింది.

వేగం తగ్గించి చూసింది. గెంతు తగ్గలేదు. ఆఖరి ఫోటోను ఎక్కువసేపు ఆపి చూసింది. అప్పుడు పిల్ల ముందుగానే చెయ్యెత్తి, ఎప్పుడు గెంతుతుందా అని కాచుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మర్నాడు కోడలికి ఒక ఉపాయం తట్టింది. చెయ్యి పైకి ఎలా వెళ్ళిందో, అవే ఫోటోలను వెనక వరసలో చూపిస్తే అలాగే కిందకు వస్తుంది. ఎక్కడా గెంతు ఉండదు. ప్రోగ్రాంలో ఒక చిన్న ముక్క చేర్చింది. చెయ్యి పైకి వెళ్ళింది, మెల్లగా కిందకు వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఊయల ఊగినట్టుంది.

పిల్ల కొట్టుకోలేదు. చాప మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా చూసింది. ఆ రోజూ మర్నాడూ అడిగి అడిగి చూసింది. అడగడమంటే లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టడం.

ఎదురింటావిడ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఒదినా, మీ ఇంట్లో సినిమా ఆడతన్నాదంట. టిక్కెట్టు ఎంతేటి?"

"అన్నం తినే సినిమా. నీకెందుకులే, నీకది బాగానే వచ్చు."

"అదే నాకొచ్చిన పని," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మాకూ నవ్వు వచ్చింది. ఆ వారమంతటిలో మేము నవ్వింది అప్పుడొక్కసారే అనుకుంటాను.

శనివారం మధ్యాహ్నం పళ్ళెంలో పప్పన్నం కలిపి పిల్ల ముందు పెట్టాం. పక్కన బొమ్మ ఆడుతోంది. పిల్ల బొమ్మ వైపు చూసింది, పళ్ళెం వైపు చూసింది. తర్వాత చెయ్యి అన్నంలో పెట్టింది. చేతికి తడి అంటితే కేకలు పెట్టే పిల్ల. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. పిల్ల ముద్ద పట్టుకుంది. మెల్లగా, బొమ్మ ఎంత మెల్లగా ఎత్తుతుందో అంత మెల్లగా ఎత్తింది. పెదవులకు ఆనించింది.

ఆనించి, అదే దారిలో, అదే నెమ్మదితో, ముద్దను తెచ్చి పళ్ళెంలో పెట్టింది.

వేడిగా ఉందేమో అనుకున్నాను. మళ్ళీ ఎత్తింది, ఆనించింది, తెచ్చి పెట్టింది. మళ్ళీ అంతే. పెదవుల చుట్టూ పప్పు, నోట్లోకి ఒక్క మెతుకు లేదు.

"ఎంగిలమ్మా, ఎంగిలి. నోటికాడికెళ్ళింది మళ్ళీ కంచంలో ఎడతారేటి?" అన్నాను. మా ఇళ్ళల్లో పిల్లలకు నడక రాకముందు నుంచీ చెప్పే మాట. చెబుతూ మణికట్టు పట్టుకుని ముద్దను లోపలికి నెట్టబోయాను. అంతే, పిల్ల పెట్టిన కేకకు వీధిలో వాళ్ళు ఆగి చూశారు. పళ్ళెం బోర్లపడింది.

అసలు గండం తర్వాత మొదలైంది. ఎప్పటిలాగా తినిపిద్దామని కోడలు ముద్ద తీసుకువెళితే పిల్ల పెదవులు ఆనించి, తల వెనక్కి తీసేసింది. నేను పెట్టినా అంతే. అన్నం తినడమంటే ఇదే అని ఇప్పుడు దానికి గట్టిగా తెలుసు. సాయంత్రానికి పాలు మాత్రం తాగింది. ఆకలికి ఏడుస్తూనే ముద్దను ఆనించి కింద పెట్టేది. అలాంటి ఏడుపు నేను అంతకు ముందు వినలేదు.

మా అబ్బాయి లోడు ఆటో నడుపుతాడు. ఇంటికొచ్చి సంగతి విని, గుమ్మంలోనే కూలబడ్డాడు.

"మీరు ఎడితే తినేది కదా ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఉన్నదీ పోనాది. ఆ డబ్బా మూసీండి. బడీ వద్దు, ఏటీ వద్దు."

కోడలు లాప్‌టాప్‌ను మా వైపు తిప్పి బొమ్మను నడిపించింది.

"సరిగ్గా సూడండి. పాప ఏటి తప్పు సేసింది? బొమ్మ ఏటి సేస్తంది?"

చూశాం. బొమ్మ ముద్దను నోటిదాకా తీసుకువెళ్ళింది. అదే ముద్దను తిరిగి తెచ్చి పళ్ళెంలో పెట్టింది. రోజుల తరబడి ఆ బొమ్మను చూస్తున్నాం ముగ్గురమూ. ఒక్కరికీ కనపడలేదు. నోటిదాకా వెళ్ళిన ముద్ద ఏమవుతుందో మాకు తెలుసు గనుక బొమ్మ తిన్నట్టే అనిపించింది. తెలియని పిల్లకు మాత్రం అక్కడ ఉన్నది ఉన్నట్టు కనపడింది.

"గెంతు తీసీడానికి వెనక్కి తిప్పాను. సేత్తో పాటు ముద్ద కూడా వెనక్కొస్తాదని తోచలేదు," అంది కోడలు. "రేపొక రోజుంది."

మా అబ్బాయి మూసేయమని మళ్ళీ అనలేదు.

ఆదివారం పొద్దున్న పిల్ల పాలు కూడా సగమే తాగి, బొమ్మను కౌగిలించుకుని నిద్రపోయింది. దాని చేతుల్లోంచి బొమ్మను తీసి పీట మీద పెట్టాం. తిరిగి వచ్చే చెయ్యి ఖాళీగా రావాలి. అంతవరకూ తేలికే, ముద్ద తీసేసి ఫోటోలు తీస్తాం. కానీ ముద్ద ఏమైనట్టు? బొమ్మ నోరు ఎర్రగీత. తెరుచుకోదు. ముద్ద గీతకు తగిలి మాయమైతే, పిల్ల కూడా పెదవుల దగ్గర ముద్దను వదిలేస్తుంది, ఒళ్ళో పడుతుంది. కోడలు ఆ మాట అనగానే నాకు అన్నం రాలిన గౌను కళ్ళముందు కనపడింది.

"నోరు గీయలేమా?" అన్నాను.

"లక్క మీద గీస్తే మళ్ళీ తుడవలేం. తెరవాలి, మూయాలి కదా."

కోడలు లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. రోజూ రాత్రి తీసి అద్దానికి అంటించిన బొట్టు బిళ్ళలు అక్కడ వరసగా ఉన్నాయి, పెద్దవీ చిన్నవీ. ఒక చిన్న మెరూన్ బిళ్ళ తీసి బొమ్మ నోటి మీద అంటించింది. నోరు కొంచెం తెరిచినట్టయింది. అది తీసి, దానికంటే పెద్దది పెట్టింది. బాగా తెరిచింది. నేను ముద్దను ఆ బిళ్ళ మీద పెట్టాను. తర్వాత సగం ముద్ద. తర్వాత ముద్ద లేని బిళ్ళ. తర్వాత చిన్న బిళ్ళ. తర్వాత ఒట్టి గీత, ఖాళీ చెయ్యి. ఒక్కొక్క మార్పుకూ కోడలు ఫోను నొక్కింది. బిళ్ళ తీసినప్పుడల్లా జిగురు తుడవాలి, తుడిచేటప్పుడు బొమ్మ కదలకూడదు. నడుము పట్టేసింది నాకు.

ఫోటోలన్నీ ఫోల్డరులో వేసి, వెనక్కి తిప్పే ముక్క తీసేసి, కోడలు నొక్కింది. బొమ్మకు పూనకం వచ్చినట్టయింది. చెయ్యి పళ్ళెంలో ఉండగానే నోరు తెరుచుకుంది, ముద్ద నోట్లో కనపడింది, చెయ్యి ఖాళీగా దిగింది, మళ్ళీ ముద్దతో లేచింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. కోడలు ప్రోగ్రాం తెరిచి పై నుంచి కిందకు చదివింది. ఏదో మార్చింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మార్చింది మళ్ళీ వెనక్కి మార్చింది. అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. లోపల పిల్ల లేచి మూలుగుతోంది.

"ఎప్పుడొస్తాదో," అన్నాను.

"నాకేటి తెలుసు, నేనేమన్నా కరెంటాఫీసా?" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "మీమీద కాదత్తమ్మా," అంది.

"తెలుసు. పిల్లకి కాసిన్ని నీళ్ళు పట్టించొస్తాను."

నేను తిరిగి వచ్చేసరికి ఆమె ఫోనులో ఫోటోలను ఒక్కొక్కటే వేలితో జరిపి చూస్తోంది. ఫోనులో వరస బాగానే ఉంది. ఫోటోలు బాగానే ఉన్నాయి. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పది తెచ్చి ఒకటి పక్కన పెడతంది."

నాకర్థం కాలేదు. చెప్పింది. ఫోటోలకు ఆమె ఒకటి, రెండు అని పేర్లు పెట్టింది. ప్రోగ్రాం వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా చూస్తోంది. పదిలో మొదట ఉన్నది ఒకటి గనుక, పదినీ పదకొండునూ తీసుకెళ్ళి ఒకటి తర్వాత, రెండుకు ముందు కూర్చోబెడుతోంది. ఇదివరకు ఫోటోలు పదికి చేరలేదు గనుక బయటపడలేదు. నాకు అప్పుడు తెలిసింది. చదవడం వచ్చిన కొత్తలో బస్సుల కాంప్లెక్సులో బస్సు నంబరు నేనూ అలాగే అంకె అంకె విడగొట్టి చదివి, వేరే బస్సెక్కి గొలుగొండలో దిగాను. ఆ సంగతి చెబితే కోడలు నవ్వలేదు. ఆమె చూపు ఫ్యాను మీద ఉంది.

ఫ్యాను తిరిగేసరికి పొద్దు వాలుతోంది. దిద్దడం ఎంతోసేపు పట్టలేదు. బొమ్మ ముద్ద ఎత్తింది, నోరు తెరిచింది, ముద్ద లోపలికి పోయింది, నోరు మూసుకుంది, చెయ్యి ఖాళీగా పళ్ళెంలోకి దిగింది. పళ్ళెంలో ఉండగానే కొత్త ముద్ద వస్తుంది గనుక గెంతు కనపడలేదు.

పిల్లను తెచ్చి కూర్చోబెట్టాం. ఇది పాత బొమ్మ కాదని దానికి వెంటనే తెలిసింది. ఒళ్ళు బిగదీసుకుంది. చెయ్యి నుదుటి దాకా లేచింది. కోడలు మూత వేయడానికి సిద్ధంగా ఉంది. చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత ముందుకు వంగి, తెర మీద బొమ్మ నోరు తెరిచిన చోట వేలు పెట్టింది. నోరు మూసుకుంటే వేలు తీసింది. తెరుచుకుంటే పెట్టింది. దీపాలు పెట్టే వేళ దాకా అదే ఆట.

అప్పుడు అన్నం పెట్టాం. ముద్ద పెదవులకు ఆనింది. ఆగింది. నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది. మా అబ్బాయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రెండో ముద్దను పిల్ల ఆనించి పళ్ళెంలో పెట్టేసింది. మూడోది తిన్నది. ఆ తర్వాత కొన్ని తిన్నది, కొన్ని తిరిగి పెట్టింది. దేనికి తింటుందో, దేనికి పెడుతుందో మాకు అంతు చిక్కలేదు. సోమవారం ఏది చేస్తుందో ఎవరం చెప్పలేం. బడికి లాప్‌టాప్ తీసుకువెళ్ళలేం.

సోమవారం మధ్యాహ్నం బడి వరండాలో పిల్లలు బారుగా కూర్చున్నారు. మనవరాలిని చివర కూర్చోబెట్టి, కేరేజీ తీసి ముందు పెట్టి, నేనూ కోడలూ స్తంభం దగ్గర నిలబడ్డాం. పెద్ద టీచరుగారు మా బొమ్మ సంగతంతా విని, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని గిన్నె వైపు చూస్తోంది. పక్క పిల్లలు సగం తినేశారు. ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఆ పాప ఉపాసమేటి?"

"నీ గిన్నెలో సూసి తిను," అన్నారు టీచరుగారు.

కోడలు పెదవులు తెరుస్తూ మూస్తూ ఉంది. తనకు తెలియకుండానే. పిల్ల మా వైపు చూడదు, చూసినా లాభం లేదు. చాలాసేపటికి చెయ్యి గిన్నెలోకి వెళ్ళింది. ముద్ద పైకి లేచింది. పెదవులకు ఆనింది. అక్కడ ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. కోడలు నా భుజం మీద చెయ్యి వేస్తే తెరిచాను. పిల్ల దవడ కదులుతోంది. ఖాళీ చెయ్యి గిన్నెలోకి దిగుతోంది.

ఒక్కటీ తిరిగి పెట్టలేదు. కానీ బొమ్మ ఎంత నెమ్మదో అంత నెమ్మది. బెల్లు కొట్టేసరికి సగం గిన్నె అలాగే ఉంది. పిల్లలంతా కుళాయి దగ్గరికి పరుగెత్తారు. ఇది మాత్రం అన్నం అంటిన చెయ్యి ముందుకు చాచి, వేళ్ళు విడదీసి కూర్చుంది. ఆయమ్మ వచ్చి, "రా అమ్మా, బేగి," అని లేపబోతే కేక పెట్టింది. కుళాయి దగ్గర పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. కోడలు రెండడుగులు ముందుకు వేసి ఆగింది.

టీచరుగారు లేచి వచ్చి గిన్నెలోకి చూశారు.

"సేత్తో తింటాదా లేదా అన్నాను. తిన్నాది," అన్నారు. "నేనన్న మాట నేను తిప్పుకోను. రేపు తీసుకురండి. సెయ్యి కడుక్కోడం కూడా మీ బొమ్మకి నేర్పండి, ఆ కుళాయి కాడ నా ఆయమ్మకి సెవులు పోయీలా ఉన్నాయి."

మర్నాడు కోడలు పిల్లను బడికి తీసుకువెళ్ళింది. నేను ఫోనును ఇటుకకు ఆనించి, పెరట్లో కుళాయి కింద బొమ్మను కూర్చోబెట్టాను. నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బుతుంది గనుక కుళాయి తిప్పలేదు. పాల పాకెట్టు కవరు సన్నగా కత్తిరించి, నీటి ధారలాగా కుళాయి మూతికి వేలాడదీశాను. బొమ్మ చేతిని ధార కిందకు గోరంత జరిపి, గాజులు పైకి లాక్కుని, నా చెయ్యి పక్కకు తీసి, ఫోను నేనే నొక్కాను.